పాత బండికి క్రొత్త హెడ్డు

(పెదకూరపాడులో పంచాయతీ సభ్యుల సమావేశమున ప్రచారాధికారి చేసిన ప్రసంగ పాఠము)



నేడు నేను చెప్పబోవు విషయము మెకానికు షెడ్డులో చెప్పుకొనవలసినదిగా మీకు తోచవచ్చును. పాత పికప్ బండి ఇంజనుకు సిలిండరు హెడ్డు మార్చుటను గురించి పంచాయతీ సభ్యులకేమి పని అని మీలో కొందరు అనుకొనవచ్చును. కాని ఒక్క క్షణము ఆలోచింపుడు. కల్లములో ఎండిన మిరపకాయ గుంటూరు యార్డుకు చేరుట ఎట్లు? పత్తి బస్తాలు, ఎరువులు, పెండ్లి పందిరి సామాను, నీటి ఎద్దడి దినములలో త్రాగునీటి ట్యాంకు, వీటన్నిటిని మోయుచున్నది చిన్న ట్రక్కులే గదా! 2005లో వచ్చిన టాటా ఏస్ వంటి రెండు సిలిండర్ల బండ్లు, అంతకు పూర్వమే వాడుకలోనున్న టాటా, మహీంద్రా పికప్‌లు నేటికిని మన ఊళ్లలో తిరుగుచున్నవి. వాటిలో పెక్కు బండ్లు అప్పుపై కొన్నవి, లేదా చేతులు మారి వచ్చినవి. అట్టి బండి ఒకటి నిలిచిపోయిన ఒక కుటుంబము నిలిచిపోవును.

రెండు హెడ్లు తిన్న బండి

మా బావమరిదికి ఇట్టి పాత పికప్ ఒకటి యుండెడిది. ఒక మార్చి మాసమున మిరప బస్తాలతో పోవుచుండగా ఇంజను కాగి ఆవిరి చిమ్మినది. అతడు కంగారుపడి, ప్రక్క పొలములోని బోరు నీరు బిందెతో తెచ్చి కాగియున్న ఇంజనులో పోసెను. కాగిన మట్టి మూకుడుపై చన్నీళ్లు చల్లిన ఏమగునో మన ఇండ్లలోని ఆడవారికి తెలియును. హెడ్డు పగిలినది.

అప్పు చేసి పాత హెడ్డొకటి కొని బిగింపించెను. నెలన్నర దినములు గడువకమునుపే అదియును పోయినది. మూడవ మారు వృద్ధుడైన మెకానికు ఒకరు హెడ్డును ముట్టుకొనక ముందుగా రేడియేటరు విప్పి చూపిరి. గొట్టములలో సగమునకు పైగా తెల్లని సున్నపు పొలుసుతో పూడిపోయియున్నవి. “బాబూ, నీ బండికి జబ్బు తలలో లేదు, నీటిలో ఉన్నది” అని ఆయన అనెను. ఈ నడుమ బాడుగలు పోయినవి. అప్పు వాయిదాలు మాత్రము ఆగలేదు. చెల్లెమ్మ మెడలోని గొలుసు తాకట్టుకు పోయినది. మొదటి మారే రేడియేటరు చూచియుండినచో రెండవ హెడ్డు కొనవలసిన పని యుండెడిది కాదు.

నేను నేడు చెప్పదలచినదంతయు ఈ ఒక్క మాటయే. హెడ్డు ఎందుకు పోయినదో తెలియక క్రొత్త హెడ్డు వేయరాదు.

హెడ్డు చేయు పని

ఇంజను బ్లాకునకు పైనుండు మూతయే సిలిండరు హెడ్డు. గాలి వచ్చు వాల్వులు, పొగ పోవు వాల్వులు దీనిలోనే యుండును. డీజిలు ఇంజనులో ఇంజెక్టర్లు కూడ దీనికే బిగింపబడును. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గు నగరమున రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపిన సూత్రమే నేటికిని నడచుచున్నది. గాలిని దాని మొదటి పరిమాణములో సుమారు ఇరువదవ వంతునకు నొక్కినచో అది 500 డిగ్రీలకు మించి వేడెక్కును. అందు చిమ్మిన డీజిలు తనంతట తానే మండును. నిమిషమునకు 3,000 చుట్లు తిరుగు ఇంజనులో ఒక్కొక్క సిలిండరున 1,500 సార్లు ఇట్టి మంట పుట్టును. ఆ వేడిని మోసికొనిపోవుటకు హెడ్డులోను బ్లాకులోను నీటి దారులున్నవి. వాటి చెంతనే నూనె దారులున్నవి. మంట, నీరు, నూనె ఒకదానితోనొకటి కలియకుండ కాపాడునది హెడ్డుకు బ్లాకునకు నడుమనుండు పలుచని గ్యాస్కెట్టు.

నీటి ప్రవాహము తగ్గిన లోహము మితిమీరి వేడెక్కి వంగును. అల్యూమినియము ఇనుముకంటె సుమారు రెండింతలు వ్యాకోచించును. కావున ఇనుప బ్లాకుపై అల్యూమినియపు హెడ్డున్న ఇంజనులకు ఈ అపాయము మరింత ఎక్కువ.

మన నేల, మన నీరు

పల్నాడు సున్నపురాతి నేల. పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరు పొందినది. మాచర్ల ప్రాంతమున సిమెంటు కర్మాగారములు వెలసినవి కూడ ఈ రాతివలననే. ఆ రాతి పొరలలో నిలిచిన నీరు సున్నమును కరగించుకొని బోరులగుండ పైకి వచ్చును. నీళ్లు కాచు గిన్నె అడుగున తెల్లని పొర కట్టుట మీరు చూచియేయుందురు. బోరు నీరు పోసిన ఇంజనులో జరుగునదియు అదియే. ఆ పొర వేడిని నీటిలోనికి పోనీయదు. దీనికి తోడు రేడియేటరు ముందు భాగమున పత్తి పింజలు, రోడ్డు దుమ్ము పట్టి గాలిని అడ్డగించును. ఎండ 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నమున నిండు బరువుతో పోవు బండికి ఇంతకంటె శత్రువు వేరొకటి లేదు.

కావున రేడియేటరులో కూలెంటు పోయించుట తప్పనిసరి. లవణములు తీసిన నీటిలో కూలెంటును బండి పుస్తకములో చెప్పిన పాళ్లలో కలుపవలెను. అది నీరు మరుగు వేడిని పెంచును, త్రుప్పును అరికట్టును. దారిలో అత్యవసరమైనచో బోరు నీటికంటె ఊరిలోని శుద్ధజల ప్లాంటు నీరు మేలు. కాని ఇంజను పూర్తిగా చల్లారినగాని మూత తీయరాదు, నీరు పోయరాదు.

ముందుగా కనబడు గుర్తులు

పైకి కారకయే నీరు తరుగుచుండుట, ఇంజను వేడెక్కిన పిమ్మటను తెల్లని పొగ ఆగకుండుట, నూనె మూత క్రింద మజ్జిగ నురుగువంటి జిగురు కనబడుట, ఇంజను నడచుచుండగా రేడియేటరుకు అనుబంధముగానున్న నీటి డబ్బాలో బుడగలు వచ్చుట – వీటిలో ఏది కనబడినను బండిని నిలిపివేయవలెను. “ఈ ఒక్క బాడుగ దించి వత్తును” అని నడిపినచో గ్యాస్కెట్టుతో పోవునది హెడ్డు వరకు, హెడ్డుతో పోవునది ఇంజను వరకు పోవును.

పని జరుగవలసిన క్రమము

మంచి మెకానికు చల్లారిన ఇంజనునే విప్పును. వేడిమీద విప్పిన హెడ్డు వంగును. బ్యాటరీ తీగ తీసి, నీరు దింపి, డీజిలు గొట్టముల నోళ్లు దుమ్ము పోకుండ మూయును. పుష్‌రాడ్లున్న ఇంజనులో వాటిని తీసిన వరుసలోనే ఉంచి, ఏ స్థానమునుండి తీసినదానిని ఆ స్థానముననే మరల పెట్టును. బోల్టులను అంచులనుండి మధ్యకు కొద్దికొద్దిగా వదులు చేయును.

హెడ్డు దిగిన పిమ్మట చేయవలసిన ముఖ్యమైన పని కొలుచుట. సూటియైన ఉక్కు బద్దను హెడ్డుపైనను బ్లాకుపైనను అడ్డముగా, నిలువుగా, ఐమూలగా ఉంచి, క్రింద ఫీలరు గేజి రేకు దూరునేమో చూడవలెను. తల వెంట్రుక మందమంత సందు కూడ గ్యాస్కెట్టును కాల్చివేయగలదు. వంపు స్వల్పమైనచో బండి పుస్తకము అనుమతించినంత మేరకు లేతు షాపున చదును చేయింపవచ్చును. బీట ఉన్నదేమో ఒత్తిడి పరీక్షచే తెలిసికొనవలెను. పాత హెడ్డు కొన్నను, క్రొత్తది కొన్నను, ఈ పరీక్షలు లేక బిగించుట గ్రుడ్డిగా బేరమాడుటయే.

బోల్టు రంధ్రములలో నూనెగాని నీరుగాని నిలిచియుండరాదు. ఉన్నచో బిగింపు లెక్క తప్పును, బ్లాకు పగులవచ్చును. గ్యాస్కెట్టు ఎల్లప్పుడును క్రొత్తదే వేయవలెను. డీజిలు ఇంజనులలో పెక్కింటికి దాని మందము పిస్టను ఎత్తునుబట్టి ఎంచవలసియుండును. బోల్టులను మధ్యనుండి అంచులకు, రెండు మూడు దఫాలుగా, టార్కు రెంచితోనే బిగింపవలెను. చేతి అంచనా ఇచ్చట పనికిరాదు. కొన్ని ఇంజనుల బోల్టులు ఒకసారి బిగించిన సాగునట్టివి; వాటిని మరల వాడరాదు. చివరకు వాల్వుల సందు సరిచూచి, నూనె, ఫిల్టరు మార్చి, నీటి దారులలోని గాలి పోనిచ్చి ఇంజను నడుపవలెను.

ఇల్లలుకగానే పండుగ కాదు. రేడియేటరు, నీటి పంపు, థర్మోస్టాట్, ఫ్యాను బెల్టు, ఈ నాలుగింటిని సరిచూడనిదే హెడ్డు పని పూర్తియైనట్లు కాదు.

మనము చేయదగినది

పంచాయతీ పేర ఉన్న బండికి హెడ్డు వేయించుటకు ముందు దాని వయస్సు చూడుడు. 15 సంవత్సరములు నిండిన ప్రభుత్వ వాహనముల రిజిస్ట్రేషను పునరుద్ధరింపరాదను నియమము 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. మీ బండి విషయము రవాణా శాఖ కార్యాలయమున విచారించిన పిమ్మటనే తీర్మానము చేయుడు. మరికొన్ని నెలలలో తీసివేయవలసిన బండిపై ప్రజల సొమ్ము పోయరాదు.

ప్రతి బండికి ఒక పుస్తకముంచి, నీరు ఎప్పుడు పోసినది, ఎంత తరిగినది డ్రైవరుచే వ్రాయింపుడు. బిల్లు ఆమోదించునపుడు మూడు ప్రశ్నలు వేయుడు: హెడ్డు పోవుటకు కారణమేమి? వంపు కొలత ఎంత? రేడియేటరు శుభ్రము చేసిరా? సమాధానము బిల్లుపై వ్రాతమూలకముగా ఉండవలెను. సొంత బండ్లు నడుపుకొను మన యువకులకును ఈ ప్రశ్నలు నేర్పుడు.

మరియొక మాట. దింపిన కూలెంటు తియ్యగా నుండు విషము. దానిని కాలువలోగాని, పశువులు నీరు త్రాగు చోటగాని పోయనీయకుడు. పాత నూనెతో సహా వేర్వేరు డబ్బాలలో పట్టి, మూతబెట్టి, పిల్లలకు అందనిచోట ఉంచి, సేకరించువారికి అప్పగించునట్లు మీ ఊరి షెడ్లవారికి చెప్పుడు.

మిత్రులారా, వచ్చు మిరప పంట కల్లములకు చేరకమునుపే మీ ఊరిలో బండ్లున్నవారిని ఒకనాటి ఉదయము పంచాయతీ కార్యాలయము వద్దకు పిలువుడు. ఇంజనులు చల్లగానుండగనే రేడియేటరు మూతలు తీయించి చూడుడు. లోపల తెల్లని పొర కనబడిన బండి ఏదో, దాని యజమానికి ఆనాడే చెప్పుడు. మా బావమరిదికి ఆ మాట చెప్పినవారు లేకపోయిరి. మీ ఊరివారికి మీరున్నారు.