గర్భసంచి మూతి క్యాన్సర్: బాగున్నప్పుడే చూపించుకోవాలి

(మండల మహిళా సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



అప్పు కంతు ఒక నెల తప్పితే మీటింగులో ఎంత గొడవ చేస్తామో మనకు తెలుసు. అదే తెల్లబట్ట వాసనొస్తా ఉందనో, ముట్టు ఆగిపోయిన ఏళ్లకి మళ్లా రక్తం కనపడిందనో పక్కనామెకి కూడా చెప్పం. సిగ్గు.

గర్భసంచి మూతికి వచ్చే క్యాన్సర్ దాదాపు అన్నిసార్లూ హెచ్‌పీవీ అనే వైరస్ వల్లే. ఇది ఆడామగా కలయికలో అంటుకుంటుంది. ఆ మాట వినగానే "అయితే ఆమె ఎట్లాంటిదో" అంటారు కొందరు. అట్లా అనబాకండి. కాపురం చేసేవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకసారి ఇది అంటుకునే ఉంటుంది. ఎక్కువమందిలో ఒకటి రెండేళ్లలో ఒళ్లే దాన్ని తరిమేస్తుంది, మందు కూడా అక్కర్లేదు.

కొద్దిమందిలో మాత్రం పోదు. అందులో 16, 18 నంబర్ల రకాలు మొండివి. నూటికి 70 కేసులు వాటివల్లే. పాడైన కణం పెరగకుండా ఆపే కాపలా మన ఒంట్లోనే ఉంటుంది. ఈ వైరస్ తయారుచేసే ఈ6, ఈ7 అనే రెండు ప్రోటీన్లు ఆ కాపలానే పడగొడతాయి. ఇంక చెడిన కణాలకు అడ్డు ఉండదు. అయినా అది క్యాన్సర్ కావడానికి చాలామందిలో 10 నుంచి 20 ఏళ్లు పడుతుంది. ఆ కాలమంతా నొప్పి ఉండదు, జ్వరం రాదు. వరి నాట్లకీ, రొయ్యల చెరువు పనికీ మామూలుగానే పోతా ఉంటాం.

అందుకే 30 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లకు అయిదేళ్లకొకసారి పరీక్ష చేయాలని ప్రభుత్వ కార్యక్రమంలో పెట్టారు. నూడుల్స్ బండి దగ్గర పోసే వెనిగర్ లాంటి పలచని మందును దూదితో పూసి, ఒక నిమిషం ఆగి చూస్తారు. తేడా ఉన్నచోట తెల్లబడుతుంది. తెల్లబడితే క్యాన్సరే అని కాదు. ఆ దశలో ఆ కాస్త భాగాన్నే చల్లదనంతోనో వేడితోనో పోగొడతారు, గర్భసంచి తీయక్కర్లేదు. గర్భసంచి తీయించుకోవడంలో మన రాష్ట్రం దేశంలోనే ముందు వరసలో ఉంది కాబట్టి ఈ మాట గట్టిగా చెప్తున్నా. రక్తం కనపడినవాళ్లు మాత్రం క్యాంపు కోసం ఎదురుచూడకుండా వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి.

ఆడపిల్లలకు టీకా ఉంది, 9 నుంచి 14 ఏళ్ల లోపల వేయిస్తే మంచిది. దాని మీద భయం ఊరికే పుట్టలేదు. 2009లో ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో పిల్లలకు వేశారు. కొందరు పిల్లలు చనిపోయారని 2010లో ఆపేశారు. ఆ చావులకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ హాస్టల్ పిల్లలకు తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టిన సంగతి బయటపడింది. నా లెక్కలో తప్పు అక్కడుంది. టీకా వేయించండి, కాగితం మీద సంతకం మాత్రం మీరే పెట్టండి. చదవను రాకపోతే బుక్‌కీపర్‌తో చదివించుకోండి, అర్థం కాకపోతే ఏఎన్ఎంని అడగండి. టీకా అన్ని రకాల వైరస్‌నూ ఆపదు కాబట్టి, ఆ పిల్ల కూడా 30 దాటినాక పరీక్షకు పోవాల్సిందే.