వోటర్ల పట్టికలో మన పేరు
(హుజూర్‌నగరమున జరిగిన వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)

   

విద్యార్థివేతనములను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు, వసతిగృహ నిర్మాణమును గూర్చియు పెద్దలు చక్కగా ప్రసంగించిరి. మాకు నిర్ణయించిన విషయము వోటర్ల పట్టిక. ఇది వినుటకు సొంపైనది కాదు. వ్యాకరణసూత్రమువలె శుష్కముగా దోచును. అయినను సూత్రము నెఱుంగనివానికి శబ్దము సిద్ధింపనట్లే, ఈ నియమముల నెఱుంగనివానికి వోటు సిద్ధింపదు. కావున కొంచెము ఓపికతో నాలకింప బ్రార్థించుచున్నాము.

మొదట మా యనుభవము నొకదానిని విన్నవించెదము. మేము ఉపాధ్యాయవృత్తిలో నున్న దినములలో ఎన్నికల పని మాకు తప్పనిది. ఒక పర్యాయము మేము పోలింగు అధికారిగా గూర్చున్న కేంద్రమునకు డెబ్బదియేండ్లు దాటిన అవ్వ యొకతె వచ్చెను. చేతిలో గుర్తింపుకార్డు గలదు. అందలి ఫొటో ఆమెదే, పేరు ఆమెదే. పట్టికలో మాత్రము ఆ పేరు లేదు. విచారింపగా, క్రిందటి యేడు ఆమె కొన్ని నెలలు హైదరాబాదులో కొడుకునొద్ద నుండెననియు, అతడు తన పేరుతోపాటు తల్లి పేరును గూడ నచ్చటికి మార్పించెననియు దెలిసినది. "సారూ, నేను బతికే ఉన్న గద, నా పేరెట్ల పాయె?" అని ఆమె యడిగెను. మేము నియమప్రకారమే పంపివైచితిమి. అయినను ఆమె యెండలో మరలిపోయిన తీరు ఇప్పటికిని మా కన్నులయెదుట నున్నది.

నాడు మాకు బోధపడిన దొక్కటి: కార్డు వోటు కాదు, పట్టికలోని పేరే వోటు. పేరుండి కార్డు లేనివాడు ఆధారు, పాస్‌పోర్టు మొదలుగా ననుమతింపబడిన వేఱొక పత్రమును జూపి వోటు వేయవచ్చును. కార్డుండి పేరు లేనివానికి ఆ కార్డు అజాగళస్తనము వంటిది.

ఈ హక్కు మన పెద్దలకు దొరకి యెంతో కాలము కాలేదు. నిజాము పాలనలో వయోజనులందఱికిని వోటు లేదు. 1948లో సంస్థానము భారతదేశమున గలిసిన పిదప, 1952లో ముగిసిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో ఈ సీమలోని పాలేరును, దొరయు సమానమైన వోటుతో నిలిచిరి. ఆ యెన్నికలోనే నల్లగొండ లోక్‌సభ స్థానమున రావి నారాయణరెడ్డిగారు జవహర్‌లాల్ నెహ్రూగారికంటె నధికముగా వోట్లను బొందిరి. 1996లో ఇదే స్థానమునకు 480 మంది పోటీచేసిరి. ఫ్లోరైడు నీటిచే ఎముకలు వంగిన పల్లెల గోడును దేశమునకు వినిపించుటయే అందు బెక్కుమంది యుద్దేశము. ఇట్టి చరిత్ర గల గడ్డపై బుట్టిన మనము పట్టికలో పేరు చూచుకొనుటకు సోమరితనము జూపుట తగదు.

సోదరీమణులకు ఒక మాట. దేశపు మొదటి ఎన్నికలనాడు సుమారు 28 లక్షల స్త్రీల పేర్లు పట్టికలకెక్కలేదు. ఏలయన, వారు తమ పేరు చెప్పక 'ఫలానావాని భార్యను', 'ఫలానావాని తల్లిని' అని వ్రాయించిరి. అవి విశేషించి ఉత్తరదేశపు ప్రాంతములు. మన యిండ్లలో నేడు అట్టి బిడియము లేకున్నను, పెండ్లియై అత్తవారింటికి వెళ్లిన యాడపడుచు పేరు పుట్టినింటి పట్టికలోనే యుండిపోవుట సామాన్యము. ఆమె అచ్చట నుండదు, ఇచ్చట పేరు లేదు. నడుమ వోటు పోవును.

ఇక విధానము. క్రొత్తగా పేరు జేర్చుటకు 6వ ఫారము. ఇల్లు మారినను, పేరులో తప్పులు దిద్దవలసినను, కార్డు పోయినను 8వ ఫారము. మృతుల పేర్లు తీసివేయుటకు 7వ ఫారము. వీనిని బూతు స్థాయి అధికారికైనను, తహశీల్దారు కార్యాలయమందైనను ఈయవచ్చును. ఎన్నికల సంఘము వారి అంతర్జాల ద్వారమునను బంపవచ్చును. 1950 అను సంఖ్యకు ఫోను చేసి సందేహములు దీర్చుకొనవచ్చును. వోటునకు వయస్సు 1989లో 21 నుండి 18కి దిగినది. పూర్వము జనవరి 1 నాటికి 18 నిండినవారికే ఆ యేడు అవకాశ ముండెడిది. 2022 నుండి జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల మొదటి తేదులు నాలుగును ప్రమాణములైనవి. 17 నిండినవారు ముందుగనే దరఖాస్తు చేసికొనవచ్చును.

పేరు ఎచ్చట నుండవలెను? సాధారణముగా నివసించు చోటనే. చట్టము స్పష్టముగా జెప్పుచున్నది: ఒక యూర ఇల్లున్నంత మాత్రమున ఆ యూరివాడు కాడు, తాత్కాలికముగా ఊరు విడిచినంత మాత్రమున పరాయివాడును కాడు. హైదరాబాదులో స్థిరపడిన మన యువకులు అచ్చటొకటి, హుజూర్‌నగరమున నొకటి పేరు వ్రాయించుకొనుట తెలివి కాదు, నేరము. అసత్య ప్రకటనకు ఒక సంవత్సరము వఱకు కారాగారమైనను, జరిమానాయైనను, రెండునైనను గలుగవచ్చును. తల్లిదండ్రుల పేర్లు మార్పించునపుడు వారు నిజముగా నెచ్చట నుందురో వారినే యడుగుడు.

కాలనియమమును మఱవరాదు. నామినేషన్ల తుది దినము గడచిన పిదప ఎన్నిక ముగియువఱకు పట్టికలో మార్పు లేదు. అంతకు ముందును దరఖాస్తును ఆక్షేపణలకై ఏడు దినములు నిలుపుదురు. కావున ఎన్నికల చాటింపు విని పరుగెత్తుట ఇల్లు కాలునపుడు బావి త్రవ్వుటయే. పేరు నన్యాయముగా దీసివేసినచో 15 దినములలో జిల్లా కలెక్టరుకును, అక్కడ న్యాయము జరుగనిచో 30 దినములలో రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారికిని అప్పీలు చేసికొనవచ్చును.

తపాలా వోటును గూర్చి చెప్పుటకు ముందు మా తప్పు నొప్పుకొనవలెను. ఊరివారిచే వోటు వేయించిన మేము ఒక ఎన్నికలో మా వోటును వేయలేకపోతిమి. వేఱొక నియోజకవర్గమున మాకు పని పడెను. 12వ ఫారము ఈయవలెనని యెఱిగియు రేపు మాపని జాగుచేసితిమి. ఉద్యోగస్థులైన మీలో నెవ్వరును అట్లు చేయకుడు. సైన్యమునందున్న మన బిడ్డలకు 2016 నుండి వోటుపత్రము విద్యున్మార్గమున జేరుచున్నది. వారు దానిని నింపి తపాలాలో ద్రిప్పి పంపవలెను. లెక్కింపు మొదలగు వేళకు జేరనిది చెల్లదు.

85 ఏండ్లు దాటిన వృద్ధులకును, నూటికి నలువది పాళ్లకు తక్కువగాని వైకల్యము గలవారికిని ఇంటియొద్దనే వోటు వేయు వసతి గలదు. నోటిఫికేషను వెలువడిన అయిదు దినములలోపల 12-డి ఫారము నీయవలెను. అధికారులు ముందు దెలిపి ఇంటికి వచ్చెదరు. గోప్యముగా గుర్తుపెట్టి కవరులో నుంచి యీయవలెను. ఒక్క జాగ్రత్త: ఇట్లు కోరుకొన్నవారు పిదప పోలింగు కేంద్రమునకు వెళ్లి వోటు వేయజాలరు. నడువగల ఓపిక యున్నవారు కేంద్రమునకే వచ్చుట మేలు. ఉద్యోగమునకై బెంగుళూరులో నున్న సామాన్య యువకునికి ఈ తపాలా వసతి లేదు.

అమెరికాలోని మన పిల్లల విషయము. అచ్చట పార్టీ అభ్యర్థిని గూడ 'ప్రైమరీ' యను ముందస్తు ఎన్నికలో వోటర్లే యెన్నుకొందురు; కొన్ని రాష్ట్రములలో ఆ పార్టీ పేర నమోదైనవారికే, మఱికొన్నింట నెవ్వరికైనను అందు బాల్గొన వీలున్నది. ఆరెగాన్ వంటి రాష్ట్రమున వోటుపత్రములు తపాలాలోనే ఇంటికి వచ్చును. అయితే పౌరులైనవారికే ఆ వోటు. గ్రీన్‌కార్డు గలవారు తొందరపడి నమోదైనచో ఆ దేశమున నివాసమునకే ముప్పు. భారత పౌరులుగానే యున్నవారు 6-ఎ ఫారముతో ఇచ్చట పేరు జేర్చుకొనవచ్చును. వోటునకు మాత్రము స్వయముగా రావలెను. ఆ దేశపు పౌరత్వము గైకొన్నవారికి ఇచ్చట వోటు లేదు. మన దేశమున ప్రైమరీ లేదు. అభ్యర్థిని పార్టీ పెద్దలే నిర్ణయింతురు. కావున మనకు దక్కినది పోలింగునాటి యొక్క వోటే. దానిని బోగొట్టుకొన్నవానికి వేఱు దారి లేదు.

పట్టభద్రులు మఱియొక సంగతి నెఱుంగవలెను. వరంగల్లు–ఖమ్మం–నల్లగొండ శాసనమండలి స్థానమునకు ప్రతి యెన్నికకును పట్టికను క్రొత్తగా వ్రాయుదురు. పోయిన పర్యాయము పేరుండెనని నిశ్చింతగా నుండరాదు. మరల 18వ ఫారము నీయవలెను. ఉపాధ్యాయులకు 19వ ఫారము. అందు ప్రాధాన్యక్రమమున 1, 2, 3 అను అంకెలు వేయవలెను. టిక్కు పెట్టిన వోటు చెల్లదు. చదువుకొన్నవారే ఇచ్చట పొరబడుట మాకు ఖేదము గలిగించుచున్నది.

తుదకు మన సంఘమును గూర్చి నిర్మొహమాటముగా నొకమాట. కులము పేర వోటడుగుట చట్టమున అవినీతి చర్య. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టపు 123వ విభాగమునకు 2017 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానము విశాలముగా నర్థము చెప్పినది. అభ్యర్థి కులమునే గాక వోటరు కులమును జూపి యడుగుటయు దోషమే. కావున ఎవనికి వోటు వేయవలెనో ఈ వేదిక చెప్పరాదు. చెప్పవలెనని కొందఱు పెద్దలు మమ్ము గోరిరి; మేము సమ్మతింపలేదు. వోటున్నదో లేదో చూడుడని మాత్రము సంఘము చెప్పవచ్చును, చెప్పవలెను.

మా ప్రార్థన యొక్కటే. ప్రతి గ్రామమున ఇద్దఱు యువకులు పట్టికను దెచ్చి రచ్చబండయొద్ద బిగ్గఱగా జదువవలెను. మన యిండ్ల పేర్లు మాత్రమే కాదు, వీధి వీధియంతయు జదువుడు. ఎవరి పేరు లేదో వారి గుమ్మమునకు ఆ సాయంకాలమే ఫారము జేరవలెను. మేమును మా వీధి పట్టికను జదువుట కొప్పుకొనుచున్నాము. నాడు మేము మరలించి పంపిన యవ్వకు ఇంతకంటె వేఱుగా ఋణము దీర్చుకొను దారి మాకు దోచలేదు.