కీపర్ లేడని పిలిచారు

శాలువా కప్పారు, సంతోషం. నాందేడ్ ఎండలో అదీ ఒక పరీక్షే.

పిల్లలూ! బిలోలి, దెగ్లూరు, ధర్మాబాద్ వైపు నుంచి చాలామంది వచ్చారని తెలిసి తెలుగులోనే మాట్లాడతానన్నాను. మిగతావాళ్లు పక్కవాళ్లను చూసి చప్పట్లు కొట్టండి.

కాలేజీల్లో మానసిక సలహాదారుగా బతికినవాణ్ణి. 2012లో ఈ ఊరి ముస్లిం కుర్రాళ్లను ఉగ్రవాద కేసులో అరెస్టు చేసినప్పుడు తల్లిదండ్రులు నా గది ముందు వరస కట్టారు. 'మావాడు గడ్డం పెంచుతున్నాడు సార్' అని వణికిపోయారు. 2021లో ముంబై ప్రత్యేక కోర్టు ఆ కేసులో ముగ్గురికి పదేళ్ల శిక్ష వేసింది. ఇద్దరిని సాక్ష్యం లేదని విడిచిపెట్టింది, దాదాపు తొమ్మిదేళ్లు జైల్లో గడిచాక. కుర్రాళ్లను ఉగ్రవాదంలోకి లాగేవాడికి ఆ తొమ్మిదేళ్లే ఎర.

అప్పట్లో ఒకావిడ కొడుకును తీసుకొచ్చింది. ఇక్కడి కంధార్ దర్గాకు వెళ్తోందని, అది మతానికి విరుద్ధమని నానమ్మను తిడుతున్నాడట. మతం గురించి అడిగితే వాడికి తెలిసింది కొంచెమే. బాగా తెలిసిందల్లా, పేరు చెప్పగానే ఎవరూ గది అద్దెకివ్వలేదని. ఆ అవమానాన్ని ఇంటర్నెట్‌లో ఎవడో పట్టుకుని 'నువ్వు సైనికుడివి' అన్నాడు. వాడు నమ్మాడు.

అమెరికా మనోవైద్యుడు మార్క్ సేజ్‌మన్ 172 మంది జిహాదీల జీవితాలు పరిశీలించి 2004లో పుస్తకం రాశాడు. చాలామంది సిద్ధాంతం కన్నా ముందు స్నేహితుల వెంట, చుట్టాల వెంట వెళ్లారని తేల్చాడు. నా దగ్గరికొచ్చిన ఆ కుర్రాణ్ణి వెనక్కి లాగిందీ స్నేహితులే. ప్రేమతో కాదు లెండి, జట్టులో కీపర్ లేక! పొద్దున్నే తలుపు బాది 'లేవరా, మ్యాచుంది' అనేవాళ్లు. నా కౌన్సెలింగ్ కన్నా అదే పనిచేసిందని నా అనుమానం. జీతం మాత్రం నేనే తీసుకున్నాను.

మీతో నా తగువు ఇక్కడే. తోటివాడు మెస్సుకు రావడం మానేస్తే 'వాడిష్టం' అంటారు. వాడి మతం మీద గ్రూపులో జోకు పడితే నవ్వే బొమ్మ పెడతారు. వాడు గ్రూపు వదిలిపోతే ఎందుకురా అని ఒక్కడైనా అడిగాడా? గాడిదల్లారా (ఉపకులపతి గారు క్షమించాలి), అది అడగడానికి పట్టా కావాలా? ఎవరినైనా చంపుతానని వాడంటే దాచకండి, పెద్దలకు చెప్పండి, పోలీసులకు చెప్పండి. గడ్డం పెంచాడనీ నమాజు చేస్తున్నాడనీ మాత్రం చెప్పకండి.

రేపు మీరూ ఇళ్లు కడతారు, పైగది అద్దెకిస్తారు. పేరు వినగానే 'అయ్యో, నిన్ననే ఇచ్చేశాం బాబూ' అనేవాళ్లు మీలోంచీ వస్తారు. కాదని బుకాయించకండి. మీ నాన్నలు కొందరు నాకు తెలుసు.