కాగితపు మిల్లులోని నల్లద్రవము



పత్తిని వెలిగించిన క్షణములో కాలిపోవును, బొగ్గు మిగులదు. టెంకాయ చిప్పను కాల్చిన గట్టి బొగ్గు మిగులును; కంసాలి కుంపటికి అది ప్రాణము. ఈ భేదమునకు ముఖ్యకారణము లిగ్నిన్ అను పదార్థము. పత్తి దాదాపుగా శుద్ధమైన సెల్యులోసు; చిప్పలో లిగ్నిన్ మెండు. గచ్చు ఇటుకలను పట్టియుంచునట్లు మానునందలి నారపోగులను పట్టియుంచునది ఇదియే. స్విట్జర్లాండు వృక్షశాస్త్రజ్ఞుడు కాండోలు 1813లో, కొయ్యకు లాటిను భాషలోని మాటనుండి, దీనికి పేరిడెను.

కాగితమునకు నార కావలెను గాని గచ్చు అక్కరలేదు. అందుచే 1879లో డాంజిగ్ నగరమున కార్ల్ డాల్ కనిపెట్టిన పద్ధతిని, కొయ్యముక్కలను గంధకము చేరిన క్షారద్రవములో సుమారు 170 డిగ్రీల వేడిని ఉడికింతురు. లిగ్నిన్ కరగి నల్లద్రవమగును. దానిని ఏటిలో విడిచినచో నీటిలోని ప్రాణవాయువు క్షీణించి చేపలు చచ్చును. కావున చిక్కగా మరిగించి కొలిమిలో మండింతురు. వేడిమి మిల్లునకు, క్షారము మరల వంటకు దక్కును.

నల్లద్రవమునకు ఆమ్లము చేర్చినచో, పాలు విరిగినట్లు, లిగ్నిన్ విడివడి గోధుమవన్నె పొడియగును. దాని అణువులలో ఆరేసి కర్బన పరమాణువుల వలయములు అల్లుకొనియున్నవి. అవి తెగుట కష్టము. సెల్యులోసు 315 మొదలు 400 డిగ్రీల నడుమ ఒక్కుమ్మడిగా చెదరిపోవును. లిగ్నిన్ అంతకు ముందే చెదరనారంభించినను, 500 దాటినను పూర్తిగా పోదు. గాలి తగులకుండ కాల్చిన చాలభాగము బొగ్గుగా నిలుచును. అట్లని కుండవలె వేడికి నిలుచుననుకొనరాదు; మొదట మెత్తబడును.

ఈ పొడిని ప్లైవుడ్డు జిగురులో ఫినాలునకు బదులు కొంతవరకు కలుపుచున్నారు. అయితే తీసినంత మేర కొలిమికి వంటచెరకు తగ్గును. పొడి వెల వంటచెరకు వెలను మించినగాని తీయుట గిట్టదు; కొలిమి చాలక పని ఆగు మిల్లులకు మాత్రము కొంత తీయుటయే లాభము.