బీఫారం దగ్గరే తేలిపోయే ఎన్నిక

కమలాపురం అసెంబ్లీ స్థానం ఎన్నికల చరిత్రను పార్టీల వరుసన చదివితే ఒకలా ఉంటుంది, మనుషుల వరుసన చదివితే మరోలా ఉంటుంది. 1999లో కాంగ్రెస్ తరఫున ఇక్కడ గెలిచిన ఎం.వి. మైసూరారెడ్డి 2004లో తెలుగుదేశం అభ్యర్థిగా కడప లోక్‌సభకు నిలబడి ఓడారు. ఆ పార్టీ నుంచే రాజ్యసభకు వెళ్లారు, 2012లో వైఎస్సార్ కాంగ్రెస్‌లో చేరారు. 1994లోనూ 2004లోనూ సైకిలు గుర్తు మీద ఈ సీటు గెలిచిన గండ్లూరు వీరశివారెడ్డి 2009లో హస్తం గుర్తు మీద గెలిచారు. ఓటరు గుర్తును కాక మనిషిని చూసి ఓటేస్తాడనడానికి ఇంతకన్నా నిదర్శనమేముందని కొందరంటారు. ఆ మాటలో నిజముంది. కానీ ఆ మనిషి ఏ గుర్తు మీద నిలబడాలో ఓటరును ఎవరూ అడగలేదే! నా వాదమంతా ఆ లోటు చుట్టూనే.

పార్టీ ఇచ్చే బీఫారం ఎవరికి అందితే గుర్తు వారిది. 1985లో 52వ రాజ్యాంగ సవరణ తెచ్చిన ఫిరాయింపుల నిషేధం గెలిచాక పార్టీ మారినవారికే. టికెట్ కోసం ముందే మారితే దానికి పట్టదు. 2014లో కాంగ్రెస్ కొన్ని లోక్‌సభ స్థానాల్లో పార్టీవారి ఓటుతో అభ్యర్థులను ఎంచి చూసింది, అది ఆనవాయితీ కాలేదు. 2024 ఎన్నికల ముందు తెలుగుదేశం ఫోన్లు చేసి జనాభిప్రాయం అడిగింది. మెచ్చుకోవాల్సిన పనే, అయితే ఆ లెక్క జనానికి చూపించాలన్న చట్టం లేదు.

అందుకే అభ్యర్థిని పార్టీ సభ్యులే ఓటేసి ఎంచుకునే ప్రైమరీ కావాలంటాను. ముఠాకక్షలు చూసిన సీమలో పార్టీ లోపల ఓటింగు పెడితే ఒకే జెండా కింద రెండు వర్గాలు తన్నుకుంటాయని, డబ్బున్నవాడు సభ్యత్వాలు కొంటాడని అభ్యంతరం. దీన్ని తేలిగ్గా తీసెయ్యలేను. పార్టీ లోపలి ఓటింగు దారి తప్పిన ఉదాహరణ కూడా ఉంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో దశాబ్దాలపాటు డెమోక్రటిక్ పార్టీదే రాజ్యం, ఆ పార్టీ ప్రైమరీలో నెగ్గితే అసలు ఎన్నిక దాదాపు నెగ్గినట్టే. టెక్సాస్‌లో ఆ ప్రైమరీలోకి నల్లవారిని రానివ్వలేదు. పార్టీ వ్యవహారం పార్టీ ఇష్టమన్నారు. 1944లో స్మిత్ వర్సెస్ ఆల్‌రైట్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసింది. సభ్యుల జాబితా పార్టీ గుప్పిట్లో ఉంటే ఏమవుతుందో ఆ చరిత్రే చెబుతుంది. అందుకే మనకు ప్రైమరీ వస్తే జాబితా, పెట్టె, లెక్కింపు ఎన్నికల సంఘం చేతిలోనే ఉండాలి. ఇక డబ్బు, ముఠా అంటారా, అవి టికెట్ల పంపకంలో ఇప్పుడు లేవా? తలుపు మూసిన గదిలో ఉన్నాయి గనుక లెక్కకు రావడం లేదు. ప్రైమరీతో పార్టీ మార్పిళ్లు ఆగుతాయనీ నేను అనను. దక్షిణ కెరొలినా సెనేటర్ స్ట్రామ్ థర్మండ్ 1964లో డెమోక్రాట్లను వదిలి రిపబ్లికన్ అయ్యి, ఆ తర్వాత కూడా గెలుస్తూనే వచ్చారు. నేను కోరేది చిన్నది: పార్టీ మారి వచ్చినవాడు ముందు ఆ పార్టీ సభ్యుల గడప తొక్కి ఓటడగాలి. ఏళ్ల తరబడి జెండా మోసిన, ఈ నియోజకవర్గంలోని వీరపునాయునిపల్లె కార్యకర్త ఇవాళ తన అభ్యర్థి ఎవరో టీవీలో జాబితా చదివితే తెలుసుకుంటున్నాడు.