ఒక ప్లాటు, ఒక ఇల్లు, ఒక కుటుంబం



మా మాస్టారు టౌన్ ప్లానింగ్ పాఠం చెప్పే తీరు ఆయన శిష్యులందరికీ గుర్తుండే ఉంటుంది. మాస్టర్ ప్లాన్ మ్యాపు గోడకు తగిలించగానే మేమంతా రంగుల మీద పడేవాళ్లం. పసుపు ఎక్కడుంది, ఎరుపు ఎక్కడుంది అని వెతుకులాట. ఆయన మ్యాపు చుట్టేసి, దానికి తోడుగా వచ్చిన నిబంధనల పుస్తకం తీసి, అందులో నిర్వచనాల పేజీ చదవమనేవారు. అప్పట్లో మాకది శిక్షలా ఉండేది. ఇవాళ నేను చెప్పబోయే చరిత్రంతా ఆ పేజీలోనే జరిగింది.

ఇది అమెరికా చరిత్ర. అక్కడి చాలా ఊళ్లలో ఒక నిబంధన ఉంది. ఒక ప్లాటులో ఒకే ఇల్లు ఉండాలి, ఆ ఇంట్లో ఒకే కుటుంబం ఉండాలి. పక్కన ఇంకో వాటా వేయకూడదు, పైన అంతస్తు వేసి అద్దెకివ్వకూడదు, అపార్ట్‌మెంటు మాట అసలే ఎత్తకూడదు. అనేక పెద్ద నగరాల్లో ఇళ్లకు కేటాయించిన నేలలో సుమారు ముప్పాతిక వంతు ఈ నిబంధన కిందే ఉంటూ వచ్చింది. మనకిది వింతగా తోస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన జీవో 168 చూడండి. అది అడిగేవి ప్లాటు ఎన్ని గజాలు, ముందు రోడ్డు ఎన్ని అడుగులు, సెట్‌బ్యాక్ ఎంత, ఎత్తు ఎంత అనే. రెసిడెన్షియల్ జోన్ అయితే చాలు, కొలతలు సరిపోతే ఇల్లైనా కట్టుకోవచ్చు, అపార్ట్‌మెంటైనా లేపుకోవచ్చు. లోపల ఎన్ని కుటుంబాలన్నది, ఏ నేలలో ఏం కట్టొచ్చో చెప్పే మన జోనింగుకు పట్టని సంగతి.

అక్కడ ఎందుకు పట్టింది?

మొదట చాకిరేవుల దగ్గరికి వెళ్లాలి. 1880లో శాన్ ఫ్రాన్సిస్కో ఒక ఆర్డినెన్సు చేసింది. చెక్క కట్టడంలో లాండ్రీ నడపాలంటే బోర్డు అనుమతి ఉండాలి. కారణం అగ్నిప్రమాదాల భయం అన్నారు. నిజమే, ఊరంతా చెక్క ఇళ్లే. కానీ అనుమతి కోరిన చైనావాళ్లు సుమారు 200 మంది, అందరికీ తిరస్కారమే. చైనీయులు కానివారు సుమారు 80 మంది, ఒక్కరికి తప్ప అందరికీ అనుమతి. 1886లో యిక్ వో కేసులో సుప్రీంకోర్టు దీన్ని కొట్టేసింది. ఆర్డినెన్సులో చైనా అన్న మాట ఎక్కడా లేదు. కట్టడం గురించి రాసిన రూలు మనిషి మీద పడటం ఇక్కడే కనిపిస్తుంది.

తర్వాత 1910లో బాల్టిమోర్ ముసుగు తీసేసింది. నల్లవారి వీధి ఏది, తెల్లవారి వీధి ఏది అని చట్టంలోనే రాసేసింది. లూయీవిల్ లాంటి ఊళ్లు అదే బాట పట్టాయి. 1917లో బుకానన్ కేసులో సుప్రీంకోర్టు ఇదీ చెల్లదంది. అయితే కోర్టు ఎక్కువగా పట్టించుకున్నది ఆస్తి అమ్ముకునేవాడి హక్కును. కొనుక్కోబోయేవాడి గౌరవం ఆ తీర్పులో రెండో వరసలోనే కూర్చుంది.

జాతి పేరు పెట్టి గీత గీయడానికి వీల్లేదని తేలింది. అప్పటికే కాలిఫోర్నియాలో ఇంకో గీత సిద్ధంగా ఉంది. 1916లో బర్క్‌లీ నగరం జోనింగ్ ఆర్డినెన్సు తెచ్చి, ఎల్మ్‌వుడ్ అనే పేటను ఒంటి కుటుంబాల ఇళ్లకే అట్టే పెట్టింది. దేశంలో ఈ తరహా జోను ఇదే మొదటిదని సాధారణంగా చెబుతారు. దాని వెనకున్నవారిలో ముఖ్యుడు డంకన్ మెక్‌డఫీ అనే రియల్ ఎస్టేట్ వ్యాపారి. చెట్ల నీడ, వంపు తిరిగిన రోడ్లు, పెద్ద పెద్ద ప్లాట్లు ఆయన అభిరుచి. ఆయన కంపెనీ వేసిన లేఅవుట్లలో అమ్మకం దస్తావేజుల్లోనే తెల్లజాతి కానివారు ఉండరాదనే షరతు ఉండేది. దస్తావేజు షరతు ఆ ఒక్క లేఅవుట్‌నే కాపాడుతుంది, పక్క లేఅవుట్ సంగతి దాని చేతిలో లేదు. నగరపాలక సంస్థ చేసే జోనింగు పేట మొత్తానికీ కాపలా కాస్తుంది, ఖర్చు కూడా ఊరిదే. వ్యాపారికి ఇంతకంటే ఏం కావాలి?

ఆ బర్క్‌లీలోనే ఆ రోజుల్లో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. పెషావర్ నుంచి 1915లో వైష్ణో దాస్ బగాయ్, ఆయన భార్య కళా బగాయ్, ముగ్గురు కొడుకులతో శాన్ ఫ్రాన్సిస్కోలో దిగారు. తర్వాత బర్క్‌లీలో ఇల్లు కొన్నారు. సామాను బండితో వెళ్లేసరికి ఇరుగుపొరుగువారు ఇంటికి తాళం వేసి ఉంచారు. పిల్లల్ని ఇక్కడ పెంచలేమని ఆ దంపతులు వెనక్కి తిరిగారు. దీనికి ఏ జోనింగూ కారణం కాదు. ఆర్డినెన్సులు ఏ మనుషుల మధ్య పుట్టాయో తెలియడానికి చెబుతున్నాను. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు చట్టం దృష్టిలో తెల్లవారు కారని, పౌరసత్వానికి అర్హులు కారని సుప్రీంకోర్టు తేల్చింది. బగాయ్ పౌరసత్వం పోయింది. 1928లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు.

థింద్ తీర్పు రాసింది జస్టిస్ జార్జ్ సదర్లాండ్. మూడేళ్ల తర్వాత, 1926 నవంబరులో, జోనింగ్ తీర్పు రాసిందీ ఆయనే.

ఆ కేసు ఒహాయోలోది. క్లీవ్‌లాండ్ నగరం పక్కన యూక్లిడ్ అనే పల్లె. అక్కడ ఆంబ్లర్ రియల్టీ అనే కంపెనీకి 68 ఎకరాలు. ఒక పక్క రైలు పట్టాలు, ఇంకో పక్క యూక్లిడ్ అవెన్యూ. ఫ్యాక్టరీలకు అమ్మితే ఎకరం 10,000 డాలర్లు, ఇళ్లకైతే 2,500 అని కంపెనీ లెక్క. 1922లో పల్లె జోనింగ్ చేసి ఆ నేలలో కొంత భాగాన్ని ఇళ్లకు పరిమితం చేసింది. కంపెనీ కోర్టుకెక్కింది. కింది కోర్టులో జడ్జి వెస్టెన్‌హేవర్ 1924లో పల్లెకు వ్యతిరేకంగా తీర్పిచ్చారు. ఈ ఆర్డినెన్సు చివరికి చేసేది జనాన్ని ఆదాయం బట్టి, బతుకు స్థితి బట్టి విడదీయడమేనని ఆయన అన్నారు. ఈ చరిత్రలో అంత సూటిగా మాట్లాడిన న్యాయమూర్తి ఇంకొకరు నాకు కనబడరు.

సుప్రీంకోర్టు 6–3తో ఆ తీర్పును తిరగ్గొట్టింది. ఫ్యాక్టరీని ఇళ్ల మధ్యకు రానివ్వకూడదంటే ఎవరం కాదంటాం? పొగ, చప్పుడు, లారీలు. కానీ సదర్లాండ్ అక్కడ ఆగలేదు. ఒంటి ఇళ్ల మధ్య అపార్ట్‌మెంటు కూడా దాదాపు అలాంటి పీడే అన్నారు. అక్కడి గాలి, వెలుతురు, ప్రశాంతత వాడుకుని బతికే పరాన్నజీవిగా దాన్ని వర్ణించారు. నలుగురు అద్దెదారులు ఉండే మేడను ఇటుక బట్టీ వరసలో నిలబెట్టారన్నమాట. ఆ దేశంలో తర్వాత వచ్చిన జోనింగంతా ఆ వాక్యాల మీదే కట్టారు. నమూనా చట్టం ఒకటి వాణిజ్య శాఖ నుంచి హెర్బర్ట్ హూవర్ హయాంలో అప్పటికే రాష్ట్రాలకు వెళ్లింది. 1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ (ఎఫ్‌హెచ్‌ఏ) గృహరుణాలకు బీమా ఇస్తూ ఈ తరహా పేటల వైపే మొగ్గింది. యుద్ధం తర్వాత శివారు కాలనీలు ఆ అచ్చులోనే పడ్డాయి.

అన్నట్టు, ఆంబ్లర్ వాళ్ల నేల సంగతి. అంత పోరాడి గెలిచిన పల్లె చివరికి అక్కడ ఇళ్లు కట్టించలేదు. జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ వచ్చింది.

ఇక నిర్వచనాల పేజీ. ఒక ఇల్లు అంటే ఏమిటో కొలవొచ్చు. ఒక కుటుంబం అంటే? లాంగ్ ఐలాండ్‌లో బెల్ టెర్ అనే చిన్న ఊరు, 220 ఇళ్లు, 700 మంది జనం. రక్తసంబంధం, పెళ్లి, దత్తత లేనివాళ్లు ఇద్దరికి మించి ఒక ఇంట్లో ఉంటే కుటుంబం కాదని ఆ ఊరి ఆర్డినెన్సు. దగ్గరి యూనివర్సిటీ విద్యార్థులు ఆరుగురు ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నారు. 1974లో సుప్రీంకోర్టు ఊరి పక్షమే వహించింది. తీర్పు రాసిన జస్టిస్ డగ్లస్ పౌర హక్కులకు పెట్టింది పేరు. పెద్ద ఆవరణలు, తక్కువ మనుషులు, నిశ్శబ్దం అంటే ఆయనకూ ముచ్చటే. మనవాళ్లెవరికైనా ఈ కేసు చెబితే నవ్వుతారు. ‘ఫ్యామిలీస్‌కి మాత్రమే’, ‘బ్యాచిలర్స్‌కి ఇవ్వబడదు’ అన్న టు-లెట్ బోర్డు చూడని తెలుగువాడెవడు?

అసలు పరీక్ష మూడేళ్ల తర్వాత వచ్చింది. మళ్లీ క్లీవ్‌లాండ్ పక్కనే, మళ్లీ అదే యూక్లిడ్ అవెన్యూ మీది ఊరు, ఈస్ట్ క్లీవ్‌లాండ్. ఐనెజ్ మూర్ అనే అరవై దాటిన నల్లజాతి మహిళ సొంత ఇంట్లో ఉండేది. ఆమెతో ఒక కొడుకు, అతని పిల్లవాడు. ఇంకో కొడుకు బిడ్డ కూడా అక్కడే. ఏడాది నిండకుండానే తల్లి చనిపోతే నాయనమ్మ చేరదీసింది. ఊరి ఆర్డినెన్సు కుటుంబానికి ఇచ్చిన నిర్వచనం అంచెలంచెలుగా ఉంది. తల్లిదండ్రులు ఉండొచ్చు, పిల్లలు ఉండొచ్చు, ఒక కొడుకు బిడ్డలైతే మనవలూ ఉండొచ్చు. ఇద్దరు కొడుకుల బిడ్డలు ఒకే కప్పు కింద ఉంటే నేరం. 1973లో నోటీసు వచ్చింది, ఆ రెండో మనవడు ఇంట్లో అక్రమ నివాసి అని. ఆమె పిల్లవాణ్ని పంపించలేదు. ఐదు రోజుల జైలు, 25 డాలర్ల జరిమానా విధించారు.

ఆ ఇద్దరు పిల్లలూ అన్నదమ్ములై ఉంటే కేసే లేదు. మన వరుసల్లో వాళ్లు అన్నదమ్ములే. పెదనాన్న కొడుకును అన్నయ్య అని కాక ఇంకేమని పిలుస్తాం?

1977లో సుప్రీంకోర్టు ఆమెను గెలిపించింది, అదీ 5–4తో. ఒక్క ఓటు అటూ ఇటూ అయితే తల్లిలేని మనవణ్ని సాకిన నాయనమ్మ శిక్ష ఖాయమయ్యేది. ఇంకో చేదు సంగతి, ఆ ఊరి జనాభాలో ఎక్కువమంది నల్లవారు, పాలకులూ వారే. అంటే ఈ ఆయుధం ఎవరి చేతికి చిక్కినా కింద ఉన్నవాడి మీదే పనిచేస్తుంది. అమెరికాలో కొడుకు ఇంటికి ఆరునెలలు వెళ్లొచ్చిన మన అమ్మానాన్నలకు ఆమె పేరు తెలియదు. తెలిస్తే బాగుంటుంది.

ఇటీవలి మార్పులు త్వరగా చెప్పి ముగిస్తాను. 2018లో మినియాపొలిస్ నగర కౌన్సిల్ ఒంటి ఇళ్ల పేటల్లో మూడు వాటాల దాకా అనుమతించే ప్లాను ఆమోదించింది. 2019లో ఒరెగాన్, 2021లో కాలిఫోర్నియా రాష్ట్ర చట్టాలే చేశాయి. బర్క్‌లీ కౌన్సిల్ 2021 ఫిబ్రవరిలో తన పాత జోనింగు మనుషుల్ని వెలివేసిందని తీర్మానంలో ఒప్పుకుని, దాన్ని మార్చాలని నిర్ణయించింది. అంతకు కొన్ని నెలల ముందే ఊరి నడిబొడ్డున ఒక వీధికి కళా బగాయ్ పేరు పెట్టింది. వీటితో ఇళ్ల ధరలు దిగొస్తాయని నేను అనను. వడ్డీ రేటు, కూలీ, కలప ధర కూడా ఉన్నాయి కదా. ఒక అడ్డు మాత్రం తొలగింది.

మన దగ్గర ప్రభుత్వం గీయని ఆ గీతను మనమే గీస్తున్నాం. ఊళ్ల చుట్టూ గేటెడ్ కమ్యూనిటీలు లేస్తున్నాయి. అక్కడ రూలు రాసేది మున్సిపాలిటీ కాదు, ఓనర్ల అసోసియేషన్. ఎవరికి అద్దెకివ్వాలి, ఏం వండుకునేవారికి ఇవ్వాలి, ఒంటరి ఆడపిల్లకు ఇవ్వొచ్చా, పనిమనిషి ఏ లిఫ్టు ఎక్కాలి, ఇవన్నీ తీర్మానాలవుతున్నాయి. బుకానన్ తీర్పు ఒక పట్టణం ఆర్డినెన్సును కొట్టేయగలిగింది. మెక్‌డఫీ దస్తావేజు లాంటి ప్రైవేటు షరతులను కోర్టులు అమలు చేయడం ఆగడానికి 1948 దాకా, షెల్లీ కేసు దాకా పట్టింది. ప్రైవేటు షరతు మొండిది.

ఈ హాల్లో చాలామంది ఏదో ఒక అసోసియేషన్‌లో సభ్యులే. మీ బైలాస్ తెప్పించి, ఎవరు ఉండొచ్చో చెప్పే క్లాజు చదవండి. ఐనెజ్ మూర్ తన ఇద్దరు మనవలతో మీ కాలనీలో అద్దెకు దిగే వీలు లేకపోతే, వచ్చే జనరల్ బాడీ మీటింగులో ఆ క్లాజు తీసేయమని లిఖితపూర్వకంగా తీర్మానం పెట్టండి.