రక్తబిందువు చెప్పు సాక్ష్యము

కాలిలో ముల్లు విరిగినచో మరునాటికి ఆ చోటు ఎఱ్ఱబారును, వాచును, వేడెక్కును, సలుపును. ఈ నాలుగు లక్షణములను రోము దేశపు గ్రంథకర్త సెల్సస్ క్రీస్తుశకము మొదటి శతాబ్దమునందే వర్ణించెను. పైకి కానవచ్చు వాపును కన్ను చూడగలదు. ఊపిరితిత్తులలోనో, కీళ్లలోనో, పేగులలోనో దాగియున్న తాపము తెలియుట యెట్లు? అట్టి సమయమున రక్తములో కొన్ని మాంసకృత్తులు, అనగా ప్రోటీనులు, హెచ్చును. వానిని కొలుచు విధమును గూర్చి నేడు కొంత ముచ్చటింతము.

1930లో న్యూయార్కునందలి రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అను పరిశోధకులు న్యుమోనియా రోగుల రక్తరసిని పరీక్షించుచుండిరి. ఆ రోగమును కలిగించు సూక్ష్మజీవినుండి తీసిన ‘సి’ అను పదార్థమును కలుపగా రక్తరసి మడ్డి కట్టెను. రోగము కుదిరినవారి రక్తరసిలో ఆ గుణము కానరాలేదు. అందుకు కారణమైన ప్రోటీనుకు ‘సి-రియాక్టివ్ ప్రోటీను’ అను పేరు స్థిరపడినది. మన ఇండ్లలో సి.ఆర్.పి. అని చెప్పుకొనునది ఇదియే. దీనిని ప్రధానముగా కాలేయము తయారుచేయును. ఇంటర్‌ల్యూకిన్-6 అను మరియొక ప్రోటీను అందుకు ఆజ్ఞ కొనిపోవును. కొన్ని గంటలలోనే సి.ఆర్.పి. పెరుగనారంభించి, సుమారు రెండు దినములకు శిఖరము నందుకొనును. కారణము తొలగినచో 19 గంటల కొకమారు సగమగుచు తగ్గిపోవును.

రక్తరసిలో ప్రోటీనులు అసంఖ్యాకములు. ఆరోగ్యవంతునియందు ఇంటర్‌ల్యూకిన్-6 మిల్లీలీటరునకు కొద్ది పికోగ్రాములు మాత్రమే. పికోగ్రామనగా గ్రాములో లక్షకోట్లవ వంతు. తిరునాళ్లలో తప్పిన బిడ్డను తల్లి పోల్చుకొన్నట్లు, ఇంతటి గుంపులో ఒక్క ప్రోటీనును పోల్చుకొనగలవి ప్రతిరక్షకములు. వానిని కొలతకు వినియోగించిన ఘనత న్యూయార్కునందలి బ్రాంక్స్ ఆసుపత్రిలో పనిచేసిన రోసలిన్ యాలో, సాలమన్ బెర్సన్‌లది. ఇన్సులిన్ పుచ్చుకొనువారి రక్తములో దానికి ప్రతిరక్షకములు పుట్టునని వారు వ్రాయగా పత్రికలు నమ్మలేదు. ‘ప్రతిరక్షకము’ అను మాటను శీర్షికనుండి తొలగించిన పిమ్మటనే 1956లో ఆ వ్యాసము వెలువడెను. బెర్సన్ 1972లో గతించెను. 1977లో నోబెల్ బహుమానము నందుకొన్న యాలో, నాటి తిరస్కార లేఖను తన ఉపన్యాసములో ప్రదర్శించెను.

వారి పద్ధతికి రేడియోధార్మిక పదార్థము కావలసియుండెను. 1971లో స్టాక్‌హోమునందు ఎంగ్వాల్, పెర్ల్‌మన్‌లును, నెదర్లాండ్సునందు వాన్ వీమెన్, షూర్స్‌లును దానికి మారుగా ఎంజైమును వాడిరి. నేటి ఎలీసా కిట్టు అట్లు పుట్టినది. అందు 96 చిన్న గుంటలుగల పళ్లెముండును. గుంటల అడుగున ప్రతిరక్షకములు అంటించియుండును. రక్తరసి పోయగా అవి తమకు కావలసిన ప్రోటీనును పట్టుకొనును, తక్కినదానిని కడిగివేయుదురు. పిమ్మట ఎంజైము తగిలించిన రెండవ ప్రతిరక్షకమును పోసి, మరల కడిగి, రంగునిచ్చు ద్రవమును చేర్తురు. ప్రోటీను ఎంత హెచ్చుగా నున్న రంగు అంత చిక్కనగును. తెలిసిన మోతాదుల రంగులతో పోల్చి యంత్రము అంకె చెప్పును. కడుగుటలో అశ్రద్ధ జరిగిన, మిగిలిపోయిన ఎంజైము లేని ప్రోటీనును ఉన్నట్లు చూపును. ఆసుపత్రులలో సి.ఆర్.పి.ని త్వరగా కొలుచు యంత్రములలో పెక్కింటికిని ప్రతిరక్షకములే ఆధారము.

2021లో మా మిత్రుల యింట పసివానికి జ్వరము వచ్చినది. మొదటి కాగితముపై 4.8 అనియు, రెండుదినముల పిమ్మట వేరొక పరీక్షాశాల యిచ్చిన కాగితముపై 24 అనియు నుండెను. అయిదు రెట్లయినదని తల్లి కంటతడి పెట్టెను. మేమును భయపడితిమి. వైద్యుడు రెండు కాగితములను ప్రక్కప్రక్కన నుంచి, అంకెల చివరనున్న చిన్న అక్షరములను చూపెను. మొదటిది డెసిలీటరునకు మిల్లీగ్రాములు, రెండవది లీటరునకు. అనగా 48 నుండి 24కు దిగినది, బిడ్డ కోలుకొనుచున్నాడు!

కావున అంకెతో పాటు దాని ప్రమాణమును, పరీక్షాశాల యిచ్చిన సాధారణ పరిమితిని చదువవలెను. సి.ఆర్.పి. తాపము కలదని చెప్పును గాని, ఎచ్చటనో, దేనివలననో చెప్పజాలదు. న్యుమోనియాలోను, కీళ్లవాతములోను, శస్త్రచికిత్స పిమ్మటను అది పెరుగును. ఆ అంకెను చూచి ఇంటనే మందులు మొదలిడుటయు, మానుటయు తగదు. సాక్షి తాను చూచినంత మాత్రమే చెప్పును. రోగిని కన్నులార చూచి, నాడి పట్టి, ఆ సాక్ష్యమును తూచవలసినవాడు వైద్యుడు.